పీణ్యాలో చేయించిన మిల్లింగ్ జార్: బోరోహైడ్రైడ్ పనికి నిలుస్తుందా?

దిగుమతి జార్ ధర అందుకోలేని ల్యాబుకి బెంగళూరు పీణ్యా లేత్ షాపు మంచి దారి. అక్కడి ఒక చిన్న షాపు చేసిచ్చిన 80 మిల్లీలీటర్ల స్టీల్ మిల్లింగ్ జార్ (లోహపు బాల్స్‌తో కలిపి తిప్పి పొడిని రుబ్బే పాత్ర) గురించి ఈ రివ్యూ. బాడీ బాగుంది, మూత దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి.

ఇందులో చేసే పని లిథియం బోరోహైడ్రైడ్, లిథియం అయొడైడ్ 3:1 మోల్ నిష్పత్తిలో (బరువుతో కాదు, కణాల లెక్కన) రుబ్బి, లిథియం అయాన్లు కదిలే ఘన పదార్థం చేయడం. ఒక గ్రాము మిశ్రమానికి బోరోహైడ్రైడ్ 0.328 గ్రాములు, అయొడైడ్ 0.672 గ్రాములు పడుతుంది. శుద్ధ బోరోహైడ్రైడ్ సుమారు 110 డిగ్రీల సెల్సియస్ దాటాకే షట్కోణ రూపంలోకి మారి లిథియం అయాన్లకు దారి ఇస్తుంది. అయొడైడ్ అదే జాలకంలో (స్ఫటికంలోని అయాన్ల అమరికలో) చేరితే ఆ రూపం గది ఉష్ణోగ్రతలోనూ నిలుస్తుంది. తేమ తగిలిందా, బోరోహైడ్రైడ్ హైడ్రోజన్ వదిలేస్తూ బోరేట్‌గా మారిపోతుంది, అయొడైడ్ నీళ్లు పీల్చేస్తుంది. అందుకే ఇక్కడ సీలే ప్రాణం.

3.53 మిల్లీమీటర్ల మందం ఉన్న వైటన్ ఓ-రింగ్‌కి (సీల్ చేసే రబ్బరు రింగు) మూతలో గాడి లోతు 2.6 నుంచి 2.7 మిల్లీమీటర్లు ఉండాలి. మొదట వచ్చిన మూతలో అది 3.1 ఉంది. అంటే రింగు 12 శాతమే నొక్కుకుంటుంది, చేత్తో బిగిస్తే పట్టినట్టే ఉంటుంది గానీ గ్యాస్ ఆగదు. షాపువాళ్లు మారు మాట్లాడకుండా కొత్త మూత చేసిచ్చారు, ఆ విషయంలో మెచ్చుకోవాలి. తీసుకునే ముందు వాల్వు ద్వారా కొద్దిగా నైట్రోజన్ ఎక్కించి నీళ్లలో ముంచి బుడగలు చూడండి. ఆ తర్వాత బాగా ఆరబెట్టాకే గ్లోవ్ బాక్స్‌లోకి (ఆర్గాన్ వాయువు నింపిన, తొడుగుల్లోంచి చేతులు పెట్టి పనిచేసే మూసిన పెట్టె) పోనివ్వండి.

బాల్స్ మాత్రం షాపు ఇచ్చినవి వద్దు. అవి 304 రకం స్టీల్, అది మెత్తన, అరిగి పొడి బూడిద రంగుకి తిరుగుతుంది, ఆ ఇనుము ఎలక్ట్రాన్లకి దారి చేసి వాహకత (లిథియం అయాన్లు ఎంత సులువుగా కదులుతాయో) కొలతను పాడు చేస్తుంది. గట్టిపరిచిన 440సీ రకం స్టీల్ బాల్స్ 10 మిల్లీమీటర్లవి పది వేస్తే దాదాపు 40 గ్రాములు, గ్రాము పొడికి సరిపోతాయి. ఐదు నిమిషాలు తిప్పి ఐదు నిమిషాలు ఆపండి, లేకపోతే జార్ వేడెక్కుతుంది. మధ్యలో ఒకసారి ఆర్గాన్‌లోనే తెరిచి, గోడకి అట్టకట్టిన పొడిని గీకి కలపాలి. ఈ జార్ అడుగు మూల పదునుగా ఉంది, పొడి అక్కడే ఇరుక్కుని బాల్స్ తగలకుండా మిగులుతోంది. ఆర్డరిచ్చేటప్పుడు ఆ మూలని గుండ్రంగా చేయమనండి.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటిక రూపం చూసే పరీక్ష) రాగి కిరణంతో 25.6, 29.6 డిగ్రీల దగ్గర అయొడైడ్ శిఖరాలు ఇంకా కనిపిస్తే పని పూర్తికాలేదని అర్థం. మూసిన పాత్రలో ఆర్గాన్ కింద 140 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే మిగిలిన అయొడైడ్ బోరోహైడ్రైడ్ లోపలికి వ్యాపిస్తుంది. అయితే రుబ్బడంలో పుట్టిన లోపాలు వేడికి మాని, వాహకత కొంత తగ్గొచ్చు. వేడి చేయకముందు, చేశాక రెండుసార్లూ కొలవండి. అయొడైడ్ బదులు క్లోరైడ్ వేస్తే ఇంత సులువు కాదు: అది చిన్న అయాన్, వేడిలో కలిసినా చల్లారాక మెల్లగా విడిపోతుంది.

షాపులో తెలుగులోనే మాట్లాడుకోవచ్చు, కానీ గాడి కొలత మాత్రం కాగితం మీద గీసి ఇవ్వండి. ఇంకో ఓ-రింగ్ సెట్ కూడా అప్పుడే తీసుకోండి, గాడిలో పొడి చేరితే మొదట పాడయ్యేది అదే.