పార్లమెంటు గ్యాలరీలో ఒక రోజు: పాసు, బస, భోజనం, సభ

ఢిల్లీ వెళ్లే మనవాళ్లు ఎర్రకోట, కుతుబ్‌మినార్ చూసి, మర్నాడు ఆగ్రా బస్సు ఎక్కేస్తారు. సమావేశాలు జరిగే రోజుల్లో వెళ్తే మాత్రం పార్లమెంటు గ్యాలరీలో కూర్చుని సభను కళ్లారా చూడొచ్చు. దానికి టికెట్టేమీ లేదు. బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాలని ఏడాదికి మూడుసార్లు ఆ అవకాశం వస్తుంది. నా వరకు ఢిల్లీలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే.

పాసు ఎంపీ ద్వారానే వస్తుంది. ఈ మనిషి నాకు స్వయంగా తెలుసు, పూర్తి బాధ్యత నాదే అని ఎంపీ సంతకం చేయాలి. 2023 డిసెంబర్ 13న ఇద్దరు యువకులు గ్యాలరీలోంచి లోక్‌సభలోకి దూకి రంగు పొగ వదిలారు. అప్పటి నుంచి ఆ సంతకం పెట్టడానికి అందరూ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్నారు. అందుకే ఢిల్లీలో దిగాక ఫోన్లు చేయడం కాదు, ఊళ్లో ఉండగానే ఎంపీ ఆఫీసుకి వెళ్లి ఆధార్ కాపీ ఇచ్చి, ఢిల్లీలో పనులు చూసే పీఏ ఎవరో కనుక్కుని రావాలి. లోక్‌సభకూ రాజ్యసభకూ పాసులు వేరువేరు. నాకు లోక్‌సభ పాసు మా ఎంపీ ఆఫీసు నుంచి, రాజ్యసభ పాసు మరో సభ్యుడి ఆఫీసు నుంచి వచ్చాయి. రెండు చోట్లా పీఏలు ఎంతో మర్యాదగా మాట్లాడారు. పదేళ్ల లోపు పిల్లల్ని గ్యాలరీలోకి రానివ్వరు కాబట్టి కుటుంబంతో వెళ్లేవాళ్లు ఆ ఏర్పాటు ముందే చూసుకోవాలి.

బస విషయంలో పహాడ్‌గంజ్ నాకు నచ్చలేదు. న్యూఢిల్లీ స్టేషన్ ఎదురుగానే ఉంటుంది, చవక కూడా. కానీ ఆన్‌లైన్లో కిటికీ ఉన్న గది చూపించి, తీరా వెళ్లాక కిటికీ లేని గది ఇచ్చారు. రాత్రి రెండింటి దాకా కింద హారన్ల మోత. మర్నాడే కరోల్‌బాగ్‌కి మారిపోయాను. అద్దె కొంచెం ఎక్కువైనా గది శుభ్రంగా ఉంది, మెట్రో దగ్గర. పక్కనే ఉన్న రాజిందర్‌నగర్‌లో సివిల్స్‌కి చదివే మన పిల్లలు చాలామంది ఉంటారు కాబట్టి ఇడ్లీ, దోసెలకు కరువు లేదు. కరోల్‌బాగ్‌లో బ్లూ లైన్ ఎక్కి, రాజీవ్‌చౌక్‌లో యెల్లో లైన్‌కి మారి, సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగాలి. ఆటోల జోలికి వెళ్లొద్దు. సమావేశాల రోజుల్లో ఆ చుట్టుపక్కల ఏ రోడ్డు ఎప్పుడు మూస్తారో డ్రైవర్లకే తెలియదు.

ఫోను, బ్యాగు గదిలోనే వదిలేసి వెళ్లడం మంచిది. పాసు, ఒరిజినల్ ఆధార్, కాస్త డబ్బు చాలు. తనిఖీలు ఒకటి కాదు, వరసగా ఉంటాయి. 2024 నుంచి ఆ పని సీఐఎస్ఎఫ్ అనే కేంద్ర భద్రతా దళం చూస్తోంది. గట్టిగా చూస్తారు గానీ విసుక్కోరు. పాసులో రాసిన టైముకి గంట ముందు గేటు దగ్గర ఉంటే టెన్షన్ ఉండదు.

కొత్త భవనం 2023 మే 28న ప్రారంభమైంది. త్రికోణాకారంలో ఉంటుంది. లోక్‌సభలో 888 సీట్లు, రాజ్యసభలో 384. ఇప్పుడున్న సభ్యుల కంటే ఎక్కువ సీట్లు కాబట్టి సభ నిండుగా ఉన్న రోజు కూడా కొంత ఖాళీగానే కనిపిస్తుంది. లోక్‌సభను నెమలి, రాజ్యసభను తామర ఇతివృత్తంగా తీసుకుని కట్టారు. లోక్‌సభలో ఆకుపచ్చ తివాచీ, రాజ్యసభలో ఎర్ర తివాచీ. స్పీకర్ కుర్చీ పక్కనే సెంగోల్ అనే రాజదండం ఉంటుంది. స్పీకర్‌కి కుడివైపు అధికార పక్షం, ఎడమవైపు ప్రతిపక్షం. ఇదంతా టీవీలో చూసిందే అయినా, పై నుంచి ఒక్క చూపులో సభ మొత్తం కనబడటం వేరు. టీవీ కెమెరా మాట్లాడేవాళ్లనే చూపిస్తుంది. గ్యాలరీ నుంచి వినేవాళ్లు కూడా కనిపిస్తారు. ఎవరు శ్రద్ధగా వింటున్నారో, ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో చెప్పి వస్తున్నారో, మంత్రి జవాబు తడబడుతుంటే అధికారుల గ్యాలరీ నుంచి చీటీ ఎలా వస్తుందో అన్నీ కళ్ల ముందే. కింద బల్ల దగ్గర రిపోర్టర్లు కాసేపటికొకరు మారుతూ ప్రతి మాటా రాసుకుంటారు. గ్యాలరీలో మనం మాత్రం మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, రాసుకోకూడదు, ముందుకు వంగకూడదు.

అందరూ పదకొండు గంటల ప్రశ్నోత్తరాల సమయానికే పాసు అడుగుతారు. లోక్‌సభలో రోజుకి 20 నక్షత్ర ప్రశ్నలుంటాయి, వాటికి మంత్రి నోటితోనే జవాబు చెప్పాలి. గొడవ ఉన్న రోజుల్లో మొదట దెబ్బ తినేది ఆ గంటే. నినాదాలు మొదలైతే సభ పన్నెండింటికి వాయిదా పడుతుంది, మీ గంట అక్కడికి సరి. అందుకే నేను పన్నెండు గంటల పాసు అడిగాను. బల్ల మీద పత్రాలు పెట్టడం అయ్యాక జీరో అవర్ మొదలైంది.

పార్లమెంటులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. లాటరీలో పేరు వచ్చిన సభ్యులు ఒక్కొక్కరే లేచి, నిమిషం రెండు నిమిషాల్లో తమ ఊళ్ల సంగతి చెప్పి కూర్చుంటారు. ఒకరు రైలు ఆగని స్టేషన్ గురించి, ఒకరు పంట బీమా గురించి, ఒకరు వరదలో కొట్టుకుపోయిన వంతెన గురించి. మన సభ్యుడొకరు లేచి తెలుగులో రైల్వే గేటు గురించి మాట్లాడారు. పక్క రాష్ట్రాలవాళ్లు ఇయర్‌ఫోన్లు సర్దుకుని విన్నారు. అప్పటికప్పుడు అనువదించే దుబాసీలు ఉన్నారు కాబట్టి సొంత భాషలో మాట్లాడటానికి ఎవరూ సంకోచించక్కర్లేదు. జీరో అవర్‌లో మంత్రి జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. అయినా ఒక మారుమూల ఊరి పేరు ఆ సభలో పలికి రికార్డుకెక్కడం చిన్న విషయం కాదు. ఆ గేటు దగ్గర రోజూ ఆగేవాళ్లకు దాని విలువ తెలుసు. టీవీ చర్చల్లో ఈ గంట గురించి ఒక్క ముక్క ఉండదు, అదే నాకు బాధ.

ఒంటిగంటకి బయటికొచ్చి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లాను. కౌంటర్లో కూపన్ కొని, ఖాళీ అయిన కుర్చీ కోసం నిలబడాలి. పప్పు, పచ్చడి, పొడి, నెయ్యి, సాంబారు, పెరుగు అడిగినంత వడ్డిస్తారు. మాంసం కూరలు విడిగా. తెలుగువాళ్ల కంటే ఢిల్లీవాళ్లే ఎక్కువ కనిపించారు. రద్దీ చికాకే గానీ ఆ భోజనానికి ఆ మాత్రం ఓపిక పట్టొచ్చు. ఆదివారం బిర్యానీ కోసమైతే పొద్దున్నే వెళ్లాలి.

మధ్యాహ్నం రాజ్యసభలో ఒక బిల్లు మీద చర్చ. ఏ పార్టీకి ఎంత సమయమన్నది సంఖ్యాబలాన్ని బట్టి ముందే తేలిపోతుంది. పెద్ద పార్టీ సభ్యుడు తాపీగా మాట్లాడితే, ఒకరిద్దరే ఉన్న పార్టీ సభ్యుడు మూడు నిమిషాల్లో ముగించాలి. ఆ మూడు నిమిషాల వాళ్లే సూటిగా మాట్లాడారు, కాగితం చూడకుండా, సెక్షన్ నంబర్లతో సహా. చివర్లో క్లాజుల వారీగా మూజువాణి ఓటు. ‘ఆయ్’, ‘నో’ అనే కేకల మధ్య క్లాజులు చకచకా దాటిపోయాయి. దేశమంతా పాటించాల్సిన చట్టం కాబట్టి ఇంకాస్త నిదానంగా జరిగితే బాగుండునని గట్టిగా అనిపించింది.

మర్నాడు ఖాళీ ఉంటే తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రుల సంగ్రహాలయానికి పూట కేటాయించండి. సోమవారం సెలవు. పీవీ నరసింహారావు భాగం దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. మెజారిటీ లేకుండా మొదలైన ఆయన ప్రభుత్వం 1993 జులై 28న అవిశ్వాస తీర్మానాన్ని 265–251 ఓట్లతో గట్టెక్కింది. సభను చూసొచ్చాక ఆ 14 ఓట్ల తేడా అంకెలా కాక, కింద బెంచీల మీద కూర్చున్న మనుషుల్లా అనిపిస్తుంది. ఇండియా గేట్, కర్తవ్యపథ్ సాయంత్రం నడకకు బాగుంటాయి, అంతకు మించి చెప్పేదేమీ లేదు.

వెళ్లే ముందు రోజు సాయంత్రం సంసద్ వెబ్‌సైట్లో మర్నాటి కార్యక్రమాల జాబితా చూసుకోండి. ఏ బిల్లు, ఏ ప్రశ్నలు వస్తున్నాయో అందులో ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నమైతే ప్రైవేటు సభ్యుల, అంటే మంత్రులు కాని ఎంపీల, బిల్లులో తీర్మానాలో ఉంటాయి. జనం తక్కువగా ఉన్నా మాటలు బాగుంటాయి. తిరిగొచ్చాక అదే సైట్లో ఆ రోజు చర్చల పాఠం దొరుకుతుంది. నేను విన్న రైల్వే గేటు మాటలు అందులో వెతికి చదువుకున్నాను. కేకలు వినబడిన చోట మాత్రం ‘అంతరాయం’ అన్న ఒక్క మాటే ఉంది.