ముడుచుకున్న టైమ్‌లైన్: మూడేళ్ల వీఎస్ కోడ్ వాడకం

కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌ను ఎలా వేసుకోవాలో చెప్పను, అది అందరికీ వచ్చిన పనే. మూడేళ్లుగా ఇందులోనే, పైథాన్‌లో కిటికీలు, బటన్లు ఉన్న ప్రోగ్రాంలు రాయడానికి వాడే పైక్యూటీ5తో, వరంగల్ ఎనుమాముల మార్కెట్లోని ఒక అడ్తి (కమీషన్) దుకాణానికి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్కల చీటీ, తీసే ప్రోగ్రాం రాసి నడిపిస్తున్నా.

మొదట్లో నాకు తెగ నచ్చింది వీఎస్ కోడ్‌కు అదనంగా తగిలించుకునే ఒక ఎక్స్‌టెన్షన్. స్క్రీన్‌ను మౌస్‌తో గీసుకునే క్యూటీ డిజైనర్‌లో బటన్ జరిపి సేవ్ కొడితే, ఆ స్క్రీన్ ఉండే యూఐ ఫైల్‌ను తనంతట తానే పైథాన్ కోడ్‌గా మార్చేస్తుంది. ఈ మార్పు కోసం టెర్మినల్‌లో పైయూఐసీ5 కమాండ్ కొట్టే బాధ తప్పిందని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను.

మిర్చి సీజన్. హమాలీ (మోత కూలి), దడ్వాయి (తూకం కూలి) కోతలు విడివిడిగా కనిపించాలన్నాడు సేటు. లాప్‌టాప్ పట్టుకొని దుకాణంలోనే కూర్చున్నా. తొందరలో ఆ లెక్కలన్నీ పైయూఐసీ తయారుచేసిన ఫైల్లోనే రాసేశా. ఇందులో చేత్తో మారిస్తే మళ్లీ నడిపినప్పుడు పోతుందని ఆ ఫైలు నెత్తినే రాసి ఉంటుంది, చదివితే కదా! దడ్వాయి లేబుల్ కాస్త కిందికి జారినట్టు కనిపిస్తే, డిజైనర్‌లో సర్ది సేవ్ కొట్టా. ఎక్స్‌టెన్షన్ ఆ ఫైలును మళ్లీ కొత్తగా రాసేసింది. ప్రోగ్రాం తెరిస్తే కోతల గళ్లన్నీ ఖాళీ. రెండు గంటల కోడ్ పోయింది.

"తమ్మీ, పట్టీ ఎప్పుడొస్తది? రైతు నిలబడే ఉన్నడు" అని గల్లా దగ్గర్నుంచి సేటు.

వీఎస్ కోడ్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎక్స్‌ప్లోరర్ అడుగున ముడుచుకొని ఉండే టైమ్‌లైన్‌ను నేను విప్పి చూసింది అప్పుడే. 2022లో వచ్చిన 1.66 వెర్షన్ నుంచి, ఎడిటర్లో సేవ్ చేసినప్పుడల్లా ఒక కాపీ దాస్తుందట, మామూలుగా ఫైలుకు 50 దాకా. నా సేవ్‌లన్నీ టైముతో సహా వరసగా ఉన్నాయి. చివరిదాని మీద రైట్ క్లిక్, రిస్టోర్. లెక్కలు వచ్చాయి, లేబుల్ మళ్లీ కిందికి జారింది. జారనీ అనుకొని పట్టీ తీసిచ్చా.

అయితే ఆ కాపీలు ఉండేది ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కాదు, మన మెషీన్‌లో. తర్వాత ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని దుకాణం కంప్యూటర్‌లో తెరిస్తే టైమ్‌లైన్‌లో పాతది ఒక్కటీ లేదు.

ఇప్పుడు లెక్కలు వేరే ఫైల్లో, వేరే క్లాసులో రాస్తున్నా. ఎక్స్‌టెన్షన్‌ను తీసేయలేదు గానీ ఇంకొకరికి చెప్పడం మానేశా. నాది ఒక్కడి పని, ఒకటే దుకాణం, కాబట్టి ఈ ఏర్పాటు నడుస్తోంది. ఇద్దరు ముగ్గురు కలిసి రాసేచోట టైమ్‌లైన్‌నే నమ్ముకోమనలేను, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ పెట్టుకోండి. నేనూ పెట్టా, మార్పులను అందులో కమిట్ (నమోదు) చేయడమే సగం రోజులు మర్చిపోతున్నా.