తెలుగు టైపింగ్‌కి ఏది మేలు: ఇన్‌స్క్రిప్టా, ఇంగ్లిష్ అక్షరాలా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు ప్రోగ్రామర్‌నని తెలిస్తే జనం కోడ్ గురించి అడగరు. కీబోర్డు గురించి అడుగుతారు. అందరిదీ ఒకటే ప్రశ్న, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి మీకు తెలిసిందే. నేర్చుకోవాల్సిందేమీ లేదు, కూర్చున్న రోజే పని మొదలవుతుంది. చిక్కల్లా న, ణ లాంటి చోట్ల. గుణుపురం అని రావాలంటే కొన్నింట్లో క్యాపిటల్ ఎన్ కొట్టాలి, కొన్నింట్లో జాబితాలోంచి ఏరుకోవాలి. వాట్సాప్‌లో నాలుగు ముక్కలకైతే ఫర్వాలేదు.

ఇన్‌స్క్రిప్ట్ అంటే భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరుగా ఖాయం చేసిన కీబోర్డు అమరిక. మొదట్లో భయపెడుతుంది. హెచ్ నొక్కితే ప, ఎల్ నొక్కితే త! అయితే అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయని పట్టు దొరికాక చేతులు వంతులవారీగా వాటంతటవే కదులుతాయి.

హైదరాబాదువాళ్లు అడిగితే మీకు నచ్చింది వాడుకోండి అంటాను. మన వైపు లెక్క వేరు. ఇక్కడ ఒకే మనిషి పొద్దున ఒడియాలో అర్జీ, మధ్యాహ్నం తెలుగులో శుభలేఖ, మధ్యలో హిందీలో ఓ ఫారం కొట్టాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో కె నొక్కితే మూడు భాషల్లోనూ క వస్తుంది. ఒకసారి నేర్చుకుంటే మూడూ వచ్చినట్టే. ఇంగ్లిష్ అక్షరాలతో ఒడియా కొట్టడం ఇంకో తలనొప్పి. జగన్నాథుణ్ని పలికేటప్పుడు జొగొన్నాథొ అంటారు, రాసేటప్పుడు మామూలు జ, గ. చెవితో ఒడియా నేర్చుకున్న మన పిల్లలు పలికినట్టే కొడితే తెర నిండా అక్కర్లేని గుణింతాలే. ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టేది అక్షరాన్ని, శబ్దాన్ని కాదు. నన్ను ఇటు మొగ్గేలా చేసింది ఇదే.

భారతీయ లిపులన్నిటినీ ఒకే వరసలో పేర్చాలన్నది, అక్షరాలకు సంఖ్యలిచ్చే ఇస్కీ అనే మన కోడ్ ఆలోచన. 1991లో అది భారత ప్రమాణమైంది. ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే కోడ్ యూనికోడ్ కూడా ఆ వరసనే పట్టుకుంది. అందుకే తెలుగు క సంఖ్య 3093, ఒడియా క సంఖ్య 2837. తేడా సరిగ్గా 256. ఒడియా పేర్ల జాబితాలో ప్రతి అక్షరానికీ 256 కలుపుతూ పోతే తెలుగు జాబితా తయారు! పని ఎగ్గొట్టడానికి ఇంతకన్నా చిన్న ప్రోగ్రాం ఉండదు. తమాషా ఏమిటంటే అది రాయగడ దగ్గరే తడబడుతుంది. ఒడియాలో య అని పలికే అక్షరం వరసలో ఎక్కడో చివర ఉంది. దానికి 256 కలిపితే చేరే చోట తెలుగు అక్షరం లేదు, ఓ డబ్బా ప్రత్యక్షమవుతుంది. ఎదురు దిశలో మన హ్రస్వాలు ఎ, ఒ ఇరుక్కుంటాయి, వాటికి ఒడియాలో చోటు లేదు.

శుభలేఖల షాపుల్లో ‘అను’ అనే పేరున్న, యూనికోడ్ కాని ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి. ప్రింటుకి సరే, అలా కొట్టింది వెబ్‌లో వెతికితే దొరకదు. నోటితో చెప్పి టైప్ చేయించడమంటారా, తెలుగులో మొదలై ఒడియాలో ముగిసే మన వాక్యాలతో అది వేగలేదు.

ఫోన్‌లో ఇప్పుడు వాడుతున్నదే వాడుకోండి. కంప్యూటర్ మీద రెండు భాషల పనుంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. విండోస్‌లో ముందే ఉంటుంది, సెట్టింగుల్లో తెలుగూ ఒడియా చేర్చుకుంటే చాలు. కీల మీద స్టిక్కర్లు మాత్రం అంటించకండి, చూపు ఎప్పటికీ కిందనే ఉండిపోతుంది.