తిరుపతిలో ఫిడేలు మాస్టారిని కలిశాం, ఆ లాడ్జి సంగతి కూడా రాస్తున్నా

పోయిన ధనుర్మాసంలో, వైకుంఠ ద్వార దర్శనాల రద్దీ మొదలవకముందు, మా ఆయన, అత్తయ్యగారు, నేను రాజమండ్రి నుంచి తిరుపతి వెళ్లొచ్చాం. దర్శనం సంగతి ముందే చెప్పేస్తాను. మూడు వందల రూపాయల టికెట్లు ఆన్‌లైన్లో తీసుకునే వెళ్లాం, కొండమీద లైన్లో రెండున్నర గంటలు పట్టింది, స్వామిని కళ్లారా చూశాం. నేను రాయాలనుకున్నది కొండ కింద జరిగినదాని గురించి. చిన్నప్పటి నుంచి ఎవరి ఫిడేలు వినడానికి రేడియో పక్కన కూర్చునేదాన్నో ఆయన ఇంటికి వెళ్లి, ఆయన ఎదురుగా చాపమీద కూర్చుని వచ్చాను. ఆ ఉదయాన్ని ముప్పావు వంతు పాడుచేసిన లాడ్జి గురించి కూడా రాస్తాను, ఎందుకంటే అలాంటిది ఇంకొకళ్లకి జరగకూడదు.

లాడ్జి పేరు రాయను గానీ, బస్టాండుకి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. వారం ముందు ఫోన్ చేసి మాట్లాడాను. ఏసీ గది 1,600, ముగ్గురు ఉండొచ్చు, ఎప్పుడు దిగితే అప్పటి నుంచి 24 గంటలు, వేడినీళ్లు ఉంటాయి అన్నాడు. తెల్లవారుజామున అయిదింటికి దిగుతామని కూడా చెప్పాను, సరేనన్నాడు. తీరా సామాను మోసుకుని లోపలికి వెళ్తే కౌంటర్లో కుర్రాడు "ఆరు లోపల వస్తే నిన్నటి రోజు లెక్క మేడమ్, రెండు రోజుల అద్దె కట్టాల" అన్నాడు. ఫోన్లో చెప్పిన మనిషి ఎవరంటే నైట్ డ్యూటీ దిగి వెళ్లిపోయాడట. అయితే ఆరింటిదాకా ఇక్కడే కూర్చుంటాం అన్నాం. కూర్చోండి, కానీ అప్పటికి గది ఉంటుందని చెప్పలేను అన్నాడు. మోకాళ్ల నొప్పులతో రైల్లో రాత్రంతా నిద్రపోని అత్తయ్యగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మేము గొడవపడుతుంటే, ఆవిడ "ఇచ్చేయండర్రా, పొద్దున్నే తగువెందుకు" అంటూనే ఉన్నారు. మా ఆయన మాట్లాడకుండా 3,200 కట్టేశారు. మూడో మనిషికి ఇంకో 400. పైకెళ్లాక వేడినీళ్ల పంపులో చల్లనీళ్లే వచ్చాయి, అడిగితే బకెట్ 30 చొప్పున కింద నుంచి తెప్పిస్తామన్నారు, ఆ బకెట్లు రావడానికి గంట పట్టింది. మొత్తం 3,690. బిల్లు అడిగితే ప్రింటర్ పనిచేయట్లేదన్నాడు. వెళ్లేటప్పుడు చివరికి, దర్శనం టికెట్లు కావాలంటే మనిషికి 2,500కి ఇప్పిస్తాను అని గొంతు తగ్గించి చెప్పాడు. దయచేసి ఎవరూ ఇలాంటి టికెట్లు కొనకండి. దేవస్థానం సైట్లో కాకుండా మధ్యవర్తి చేతిలో డబ్బు పెడితే ఆ టికెట్ గేటు దగ్గర చెల్లుతుందన్న నమ్మకం లేదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది డబ్బు కాదు, సమయం. మాస్టారు ఎనిమిదింటికి రమ్మన్నారు, తొమ్మిదిన్నరకి పిల్లలు పాఠానికి వస్తారు. రాజమండ్రిలో సంగీతం చెప్పే ఆయన శిష్యురాలిని ఎన్నో నెలలు అడిగితే దొరికిన అవకాశం అది. ఏడున్నరకి ఇంకా బకెట్ కోసం మెట్లమీద నిలబడి ఉంటే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మా ఆయన ఆటో మాట్లాడితే రెండు కిలోమీటర్లకి 250 అడిగాడు. షేర్ ఆటోలో మనిషికి 20 ఇచ్చి వెళ్లే దూరం. బేరం ఆడే ఓపిక లేక ఎక్కేశాం.

ఆయన పేరు రాయను. రాయొద్దని ఆయనే అడిగారు, ఇంటికి జనం రావడం మొదలైతే పిల్లల పాఠం ఆగిపోతుందని. పక్కవాద్యం వాయించినవారు. తెరమీద, పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో ఎప్పుడూ లేరు. పాత క్యాసెట్ల అట్టమీద గాయకుడి ఫొటో కింద, "వయొలిన్" అని రాసి, చిన్న అక్షరాల్లో ఉండే పేరు ఆయనది. మా నాన్న రేడియోలో వచ్చే కచేరీలు క్యాసెట్లలోకి ఎక్కించి పెట్టేవారు. ఇంట్లో అందరూ పాట వినేవారు. నేను పాట ఆగినప్పుడు వచ్చే ఫిడేలు కోసం ఎదురుచూసేదాన్ని. గాయకుడు ముఖారి రాగం ఆలాపన చేసి వదిలిపెడితే ఆయన దాన్నే అందుకుని, ఒక్క గమకం కూడా గొప్ప కోసం వేయకుండా, విన్నది విన్నట్టు తిరిగి చెప్పి, చివర్లో తనదంటూ ఒక్క మాట కలిపేవారు. ఆ ఒక్క మాట కోసం క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి విని టేపు సాగిపోయింది.

మేము వెళ్లేసరికి ఎనిమిది ఇరవై దాటింది. ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ఆ చలిలో మా కోసం రోడ్డు వైపు చూస్తున్నారు. ఆలస్యానికి నేను ఏదో చెప్పబోతే "లాడ్జీ వాళ్లు ఇబ్బంది పెట్టినారా? ఈ ఊళ్లో అదొకటి ఉంది, లోపలికి రండి, ముందు కాఫీ" అన్నారు. కాఫీ ఆయన కోడలు ఇచ్చారు. ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్లాం, డబ్బా 600. అక్కడికక్కడే ఒకటి విప్పి తిన్నారు. ఆయనది కూడా గోదావరి వైపేనట! ఆ మాటతో అత్తయ్యగారి మొహం విచ్చుకుంది, ఏ ఊరు, ఎవరి తాలూకు అని మొదలుపెట్టేశారు. నా ప్రశ్నలన్నీ కాసేపు పక్కకి పోయాయి.

ఆయన చదివింది విజయనగరం సంగీత కళాశాలలో. 1919లో మొదలైంది అది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత 1936 నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆ గోడల మధ్య కమాను పట్టడమే తన అదృష్టం అన్నారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టాక, ఇక్కడ కచేరీలు పెరగడంతో తిరుపతి వచ్చి ఉండిపోయారట. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద దొరికిన సంగతి అందరికీ తెలుసు. ఆయన చెప్పేదాకా నేను సరిగ్గా ఆలోచించనిది ఏమిటంటే, ఆ రేకుల మీద రాగం పేరు ఉంటుంది గానీ స్వరం ఉండదు. అంటే మనం వినే బాణీలు దాదాపు అన్నీ ఈ వందేళ్లలోపు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు లాంటి పెద్దలు కట్టినవే. "కొత్త బాణీ కట్టగానే మొదట వినేది ఎవరు? పక్కన కూర్చునే మేమే కదమ్మా. ఇంకా జనం చెవిన పడని పాటని నేను వేళ్లతో పట్టుకునేవాణ్ని" అన్నారు. అది చెప్తున్నప్పుడు ఎడమచేతి వేళ్లు మోకాలి మీద వాటంతటవే కదులుతున్నాయి.

నేను అడగాలనుకున్నది ఒకటే ఉంది. మా నాన్న క్యాసెట్లలో ఒకదానిలో, ఒక పెద్దాయన కచేరీలో, చరణం దగ్గర నెరవు, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా మళ్లీ మళ్లీ పాడడం, జరుగుతూ పాట ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఫిడేలు ఒక్కటే నాలుగు ఆవర్తనాలు (తాళం నాలుగు చుట్లు) ఆ సాహిత్యం మీదే తిరుగుతుంది, ప్రతిసారీ కొంచెం కొంచెం పైకి. గాయకుడు మళ్లీ సరిగ్గా పాట ఎత్తుకునే చోట అందుకోగానే ఫిడేలు తగ్గి కిందికి వెళ్లిపోతుంది. అంత అందమైనది నేను ఇంకెక్కడా వినలేదు, ముందే అనుకుని చేశారా అని అడిగాను. ఆయనకి వెంటనే గుర్తొచ్చింది. "దగ్గమ్మా! జలుబుతో వచ్చినాడు పాపం, మంచినీళ్ల చెంబు అందుకున్నాడు. నీళ్లు గొంతు దిగేదాకా నేను ఊరుకుంటే ఎట్లా? ఆయన మూత పెట్టేదాకా చూసి దిగినాను." పొద్దుట్నుంచి మొహం ముడుచుకుని ఉన్న మా ఆయన మొదటిసారి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్లుగా నేను ప్రాణంగా వింటున్నది ఒక మనిషి ఇంకో మనిషిని ఆదుకోవడం.

తర్వాత జరిగింది నేను ఊహించనిది. అత్తయ్యగారు "మాకు సంగీతం తెలియదండీ, మంగళహారతులు తప్ప" అన్నారు మాటవరసకి. ఆయన ఫిడేలు తీశారు. "ఒకటి పాడండి అమ్మగారూ" అన్నారు. ఆవిడ సిగ్గుపడి వద్దంటే, "నేను జన్మంతా పాడేవాళ్ల పక్కనే కూర్చున్నాను, నాకు అదే తెలుసు, పాడండి" అన్నారు. ఆడపిల్లలకి పాఠం చెప్పడానికి ఐదు శృతికి, అంటే ఆడపిల్లల గొంతుకి సరిపడే ఎత్తుకి, పెట్టి ఉన్న తీగలవి. అత్తయ్యగారి చేత ఊరికే "ఊఁ" అనిపించి, ఆవిడ గొంతు ఎక్కడ నిలుస్తుందో చూసి, నాలుగు బిరడాలూ ఒక్కొక్కటిగా సడలించి దానికి సరిపెట్టారు. ఎంతో పేరున్న విద్వాంసులకి చేసినంత శ్రద్ధగా చేశారు ఆ పని. ఆవిడ కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. రెండో చరణానికి వచ్చేసరికి గొంతు జారి శృతి కొంచెం పైకి పోయింది, నాకు గుండె ఆగినంత పనైంది. ఫిడేలు ఆవిడతో పాటే పైకి వెళ్లింది. తప్పు అని తెలిసేలా ఒక్క స్వరం కూడా వాయించలేదు. మూడో చరణంలో నెమ్మదిగా, ఆవిడకి తెలియకుండానే, మళ్లీ మొదటి చోటికి తెచ్చి వదిలిపెట్టారు. అయ్యాక ఆయనే ముందు దణ్ణం పెట్టారు. మా ఆయన ఫోన్ ఎప్పుడో జేబులో పెట్టేశారు. రికార్డు చేయొద్దని మాస్టారు ముందే చెప్పారు కాబట్టి దానికి రుజువేమీ లేదు, విన్నవాళ్లం మేమే.

తొమ్మిదిన్నరకి పిల్లలొచ్చారు, మేము లేచాం. కవర్లో పెట్టి ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. ఇంకోసారి ఇవ్వబోతే "పిల్లలకి తీగలు తెంపుకోవడం అలవాటు, కావాలంటే తీగలు పంపించు" అన్నారు.

మధ్యాహ్నం భోజనం గురించి కూడా రాయాలి. మాస్టారి కోడలు చెప్పిన చిన్న మెస్సు, నాలుగు బల్లలు, బోర్డు కూడా లేదు. రాగిసంగటి, పితికిపప్పు కూర, ఊరుబిండి, మజ్జిగ, అంతా కలిపి 90. పితికిపప్పు అంటే అనపగింజలు నానబెట్టి పొట్టు ఒలిచి చేసేది, ఈ చలికాలం నాలుగు రోజులే దొరుకుతుందట. వరి అన్నం లేకపోతే భోజనం కాదనే అత్తయ్యగారు రెండోసారి సంగటి పెట్టించుకున్నారు. ఊరుబిండి ఎలా రుబ్బుతారో వంటావిడని అడిగి రాయించుకున్నారు కూడా. స్టేషన్ ఎదురుగా ఏసీ హోటల్లో మర్నాడు 220 పెట్టి తిన్న థాలీ దీని ముందు దండగ.

సాయంత్రం అన్నమాచార్య కళామందిరానికి వెళ్లాం, మాస్టారి శిష్యుడు ఒకతను పక్కవాద్యం వాయిస్తున్నాడని. టికెట్ లేదు, ఊరికే వెళ్లి కూర్చోవడమే. అంత పెద్ద హాల్లో నలభై మంది కూడా లేరు, నాకు చాలా బాధేసింది. కొండ దిగి రైలు టైమయ్యేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చునేవాళ్లు వేలమంది ఉంటారు, ఒక్క గంట ఇక్కడికి రావచ్చు కదా. కొండమీద గుడి ఎదురుగా నాదనీరాజనం వేదిక ఉంది, అక్కడ కూడా సాయంత్రాలు సంకీర్తనలు పాడతారు, దర్శనం అయి వచ్చాక కాసేపు ఆగండి. ఆగినప్పుడు పక్కన ఫిడేలు, మృదంగం ఎవరో పేర్లు కూడా కనుక్కోండి.

గది విషయంలో నా సలహా గట్టిగానే చెప్తాను. స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రెండూ దేవస్థానానివే. వాటికి ముందుగా ఆన్‌లైన్లో ప్రయత్నించండి, దొరకకపోతేనే ప్రైవేటు. ప్రైవేటు లాడ్జి అయితే దిగే టైము, మనుషుల లెక్క, వేడినీళ్లు, ఈ మూడూ ఫోన్లో కాదు, మెసేజ్‌లో రాయించుకోండి. రాసి ఇవ్వనన్నవాడి దగ్గర దిగొద్దు. మేము చెకౌట్ చేసేటప్పుడు మళ్లీ బిల్లు అడిగాం, మళ్లీ ప్రింటరే అన్నాడు. ఈసారి మా ఆయన ఊరుకోలేదు, చేత్తో రాసి ముద్ర వేసి ఇచ్చేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు. ఆ కాగితం జత చేసి ఫిర్యాదు పెట్టాం, ఇంకా జవాబు రాలేదు.

ఇంటికొచ్చిన వారంలో తీగల సెట్లు అయిదు కొన్నాం, ఒక్కోటి 550, కొరియర్ 140. అందాయని మాస్టారి కోడలు ఫోన్ చేసి, అత్తయ్యగారికి ఇమ్మన్నారు. మాట్లాడింది మాస్టారు. వచ్చే ధనుర్మాసానికి ఇంకో హారతి సిద్ధం చేసుకుని రమ్మన్నారట. అత్తయ్యగారు పొద్దున్నే వంటింట్లో సాధన చేస్తున్నారు, మా ఆయన దేవస్థానం సైట్లో గదులు ఎప్పుడు తెరుస్తారో చూస్తున్నారు.