అనంతపురంలో ఉచిత కళావిమర్శ పత్రిక: కాగితమా, ఫోనా, గోడా?

మా ఊళ్లో చిత్రకళా ప్రదర్శన జరిగితే మర్నాటి వార్త ఎలా ఉంటుందో బొమ్మలు వేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. జ్యోతి ప్రజ్వలన ఎవరు చేశారు, ముఖ్య అతిథిగా ఎవరు వచ్చారు, ఎవరికి శాలువా కప్పారు, అన్నీ ఉంటాయి. గోడకు ఏ బొమ్మ తగిలించారో మాత్రం ఉండదు.

కొన్నేళ్ల కిందట ఒక పాఠశాల హాలులో జరిగిన ప్రదర్శనలో ఇంటర్ చదివే అమ్మాయి వేరుశనగ చేను చిత్రం పెట్టింది. ముప్పాతిక భాగం ఉత్త నేల. పై మూలన పీకి కుప్ప వేసిన వేరుశనగ కట్టె. దగ్గరికి వెళ్లి చూస్తే నేల మీద ఇసుక రేణువులు మెరుస్తున్నాయి. కొన్న రంగుల్లో ఆ ఎరుపు కుదరక, చేలో మన్నే తెచ్చి జిగురుతో కలిపి పూసిందట. చూసినవాళ్లందరూ "బాగుందమ్మా" అని ముందుకు సాగిపోయారు. ఆ ఖాళీ నేల మనసును ఎందుకు పట్టుకుందో, మూలనున్న కుప్ప ఎందుకు తేలిపోయిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. కొత్తగా వేస్తున్నవాళ్లకు మెచ్చుకోళ్లు కావలసినన్ని దొరుకుతున్నాయి. కాసేపు నిలబడి చూసి, చూసింది చెప్పే మనిషే కరువు.

అందుకే నలుగురు మిత్రులం కలిసి కళావిమర్శ పత్రిక పెట్టాలనుకున్నాం. ఉచితంగానే ఇవ్వాలన్నది మొదటి రోజే తేల్చుకున్నాం. పది రూపాయల వెల పెడితే మా మీద అభిమానంతో కొనేవాళ్లు కొంటారు, చదవవలసిన విద్యార్థి కొనడు. తేలనిది ఒక్కటే, ఏ రూపంలో తేవాలన్నది. అచ్చువేసి చేతికివ్వడమా, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపడమా, పెద్ద కాగితం మీద అచ్చువేసి గోడపత్రికగా అంటించడమా?

ఖర్చు మాటకొస్తే ఫోనుకు సాటి లేదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో పనిచేసుకుంటున్న మన ఊరి చిత్రకారుడికి కూడా క్షణంలో చేరుతుంది. ఇంకో మేలు నాకు నిమ్మలకుంటలో తట్టింది. 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారి ఊరు అది. ధర్మవరం దగ్గర, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. తోలుబొమ్మను నేల మీద పరిస్తే ముదురు రంగుల తోలులా కనిపిస్తుంది. ఎత్తి వెలుతురుకు అడ్డం పెట్టగానే ఎరుపు మండుతుంది, తొలిచిన రంధ్రాలు నగలై మెరుస్తాయి. పలచగా గీకిన మేకతోలు గుండా కాంతి రావడంలోనే ఉంది ఆ కళంతా. కాగితం మీద అచ్చువేస్తే ఆ బొమ్మ నేల మీద పరిచినట్టే ఉంటుంది. ఫోను తెర లోపలినుంచే వెలుగుతుంది కాబట్టి బొమ్మ ప్రాణం కొంతైనా నిలుస్తుంది.

అయినా విమర్శకు ఫోను ఒక్కటే చాలదని నా గట్టి అభిప్రాయం. చిన్న తెర మీద బొమ్మ చూస్తుంటే మాట కనిపించదు, మాట చదువుతుంటే బొమ్మ పైకి జరిగిపోతుంది. ఎడమ మూల చూడండి అని రాసినప్పుడు పాఠకుడి కన్ను వెంటనే ఎడమ మూలకు పోగలగాలి. అంతకన్నా పెద్ద భయం మరొకటి ఉంది. రెండు పుటల వ్యాసంలో ఒక్క కఠినమైన వాక్యం ఉంటే, ఆ ఒక్కదాన్నే స్క్రీన్‌షాట్ తీసి నాలుగు గ్రూపుల్లో తిప్పుతారు. ఇరవై ఏళ్ల పిల్లవాడు తన బొమ్మ గురించి మొదటిసారి చదివేది ఆ ముక్క కాకూడదు.

గోడపత్రికకు ఉన్న గుణం వేరు. జిల్లా కేంద్ర గ్రంథాలయం, ఆర్ట్స్ కళాశాల, బస్టాండు దగ్గరి టీ కొట్లు, ఇలాంటి చోట్ల ఇద్దరు ముగ్గురు ఒకేసారి నిలబడి చదువుతారు, అక్కడే వాదించుకుంటారు. కాకపోతే మా ఎండకు రంగులు త్వరగా వెలిసిపోతాయి, పైన సినిమా పోస్టరు పడితే అంతటితో సరి. పైగా బతికున్న యువ చిత్రకారుడి లోపాలను వీధిలో అంటించడానికి నాకు చేతులు రావు. లేపాక్షి గురించి రాయడానికి మాత్రం గోడే సరైన చోటు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, వీరభద్రాలయం పైకప్పు మీద వేసిన కిరాతార్జునీయం, పార్వతీకల్యాణ ఘట్టాలను చూడటానికి వెళ్లినవాళ్లు తల ఎత్తి నిమిషంలో దించేస్తారు. ఆ చిత్రాల్లోని వస్త్రాల నమూనాలను కంటి ఎత్తున పెద్దవిగా అచ్చువేసి పెడితే, చీరల మీద లేపాక్షి అంచులు చూసిన కళ్లు ఇట్టే పోల్చుకుంటాయి.

ఇక చేతికిచ్చే కాగితం. ఏ3 కాగితం రెండు వైపులా అచ్చువేసి మధ్యకు మడిస్తే నాలుగు పుటలు. పిన్ను కూడా అక్కర్లేదు. ఆఫ్‌సెట్‌లో , అంటే ప్లేట్లతో అచ్చువేసే పద్ధతిలో, రంగులు కావాలంటే ఒక్కో రంగుకు ఒకటి చొప్పున ఒక్కో వైపుకు నాలుగు ప్లేట్లు పడతాయి. వంద ప్రతులకైనా వెయ్యికైనా ప్లేట్ల ఖర్చు మారదు. బొమ్మలన్నీ ఒకవైపే సర్దుకుని, రెండో వైపు నలుపుతో సరిపెట్టుకుంటే ఎనిమిది ప్లేట్లు అయిదవుతాయి. రెండు మూడు వందల ప్రతులే చాలనుకుంటే ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటు మేలు. పుస్తకాలకు వాడే మామూలు మ్యాప్లిథో కాగితం సిరాను పీల్చుకుని రంగులను మందగింపజేస్తుంది కాబట్టి నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపర్‌కు కాస్త ఎక్కువైనా పెట్టాలి. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు పెట్టించే పని దగ్గర జాగ్రత్త: ఫోనులో టైపు చేసిన యూనికోడ్ వ్యాసాన్ని యూనికోడ్‌కు ముందటి పాత ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు చెదురుతాయి. మొదటినుంచీ యూనికోడ్ ఫాంట్లతోనే పేజీలు పెట్టించుకుంటే అదే ఫైలు ఫోనుకూ పనికొస్తుంది.

అచ్చుకు చట్టం పని ఉంది. క్రమం తప్పకుండా వెలువడే పత్రికలకు 1867 నాటి నమోదు చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. పేరు, నమోదు రెండిటికీ ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. విమర్శ కోసం చిత్రాన్ని అచ్చువేయడానికి 1957 కాపీరైట్ చట్టం వెసులుబాటు ఇస్తుంది. అయినా వేసినవాళ్లను అడిగే వేద్దాం.

నా ఓటు కాగితానికే. విమర్శ రాసినవాడు దాన్ని స్వయంగా తీసుకెళ్లి చిత్రకారుడి చేతిలో పెట్టాలి. ఆయన చదువుతుంటే ఎదురుగా కూర్చోవాలి. కాదు, పొరబడ్డావు అంటే వినాలి, ఆ మాటను వచ్చే సంచికలో వేయాలి. అలా చేయవలసి వస్తుందని తెలిస్తే కలం పొగడ్తకూ పోదు, దురుసుకూ పోదు. రెండు నెలలకొకటి, మూడు వందల ప్రతులు. తోలుబొమ్మల సంచికను ఫోనుకూ పంపుదాం, ఏడాదికొకసారి లేపాక్షిని గోడకెక్కిద్దాం. ప్రకటనలు ఫ్రేములు కట్టే దుకాణం ఇస్తే తీసుకుందాం, ఎవరి పిల్లల బొమ్మల గురించి రాస్తామో ఆ శిక్షణ కేంద్రం ఇస్తే మాత్రం వద్దు.

మొదటి సంచికకు ఆ వేరుశనగ చేను ఫోటో కావాలని ఆమెను అడిగాను. జిగురు పట్టు వదిలి మన్ను అక్కడక్కడా రాలిపోయిందని, మళ్లీ పూసి పంపుతానని అంది. ఏమీ పూయకుండా, రాలిన చోట్లు కనిపించేలా పక్కనుంచి వెలుతురు పడేటట్టు పెట్టి తీయమన్నాను.