జాగ్రత్త: "మంచంలా పడుకోవచ్చు" అని అమ్మే బిజినెస్ క్లాస్ టికెట్లు

విశాఖలో ట్రావెల్ ఏజెంట్ల దగ్గర విమానం టికెట్లు కొనేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ల కోసం బిజినెస్ క్లాస్ కొనేవాళ్లు ఇది చదవండి. రెండు టికెట్లకి 76,000 రూపాయలు పోశాను. నేను కొన్నానని అనుకున్నది ఒకటి, మా అమ్మానాన్నలకి దక్కింది ఇంకొకటి. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి ఎయిర్‌లైన్ పేరు గానీ, ఏజెంటు పేరు గానీ రాయడం లేదు. దయచేసి కామెంట్లలో అడగొద్దు.

నాన్నకి 74 ఏళ్లు. పోయినేడు కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. కాలు మడిచి గంట దాటి కూర్చుంటే వాచిపోతుంది. పెళ్లయి 50 ఏళ్లు నిండాయని ఇద్దరినీ హరిద్వార్ తీసుకెళ్లాను. తిరుగు ప్రయాణంలో నేను ఢిల్లీ నుంచి విశాఖ వచ్చేయాలి, వాళ్లిద్దరూ బెంగళూరులో తమ్ముడింటికి వెళ్లాలి. ఢిల్లీ నుంచి బెంగళూరు దాదాపు రెండు ముప్పావు గంటలు. నాన్న కాలు చాపుకుని వెళ్తే చాలన్నదే నా కోరిక. షోకు కోసం బిజినెస్ క్లాస్ కొనే ఇల్లు కాదు మాది.

మనం విశాఖలో ఎక్కే ఏ320, 737 లాంటి విమానాల్లో మధ్యన ఒకటే నడవ ఉంటుంది. వాటిలో బిజినెస్ క్లాస్ ఉంటే, సాధారణంగా అటు రెండు ఇటు రెండు చొప్పున వెడల్పాటి సీట్లు. వెనక్కి వాలతాయి, అంతే. వైడ్ బాడీ అంటే రెండు నడవలుండే పెద్ద విమానం: బోయింగ్ 787, 777, ఎయిర్‌బస్ ఏ350 లాంటివి. ఇవి రాత్రంతా ఎగిరి విదేశాలకు వెళ్లేవి కాబట్టి వీటి బిజినెస్ క్లాస్‌లో సీటు సాధారణంగా పూర్తిగా పడకలా పరుచుకుంటుంది. విదేశీ ప్రయాణాల మధ్య ఖాళీ దొరికినప్పుడు ఇలాంటి విమానాలను ఢిల్లీ-ముంబై, ఢిల్లీ-బెంగళూరు లాంటి రూట్లలో తిప్పుతుంటారు. విదేశీ సర్వీసుకి ఒక విమానం తక్కువైతే ముందు లాక్కునేది ఇలాంటి చోటి నుంచే. ఈ సంగతి నాకు టికెట్లు కొన్నాక తెలిసింది.

ద్వారకానగర్‌లో మా ఏజెంటు స్క్రీన్ నావైపు తిప్పి రెండు ఫ్లైట్లు చూపించాడు. ఉదయం వెళ్లేది చిన్న విమానం, మనిషికి 31,000. మధ్యాహ్నం వెళ్లేది పెద్దది, 38,000. "మేడమ్, ఇందులో మంచంలా పడుకోవచ్చు. అంకుల్ హాయిగా నిద్రపోతూ బెంగళూరులో దిగుతారు" అన్నాడు. ఆ మాటకే మనిషికి 7,000 ఎక్కువ పెట్టాను. సీట్ల బొమ్మలో వరసకి ఒకటి, రెండు, ఒకటి చొప్పున ఉన్నాయి. మధ్యలో జంటగా ఉన్న డి, జి తీసుకున్నాం. ఏజెంటు ప్రింటు తీసిచ్చిన కాగితం మీద సీటు నంబర్ల కింద "ఫ్లాట్ బెడ్ కన్‌ఫర్మ్‌డ్" అని ఉంది. ఆ కాగితం ఎయిర్‌లైన్‌ది కాదు, ఏజెంటు తన కంప్యూటర్లో టైపు చేసుకున్నది. పైన ఎయిర్‌లైన్ లోగో చూసి నేను పోల్చుకోలేకపోయాను.

ఢిల్లీలో చెకిన్ కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాసులు చేతికిచ్చారు. నాన్నది 1ఏ, అమ్మది 2డి. డి, జి అడిగితే ఆ అమ్మాయి కంప్యూటర్ చూసి, "విమానం నాలుగు రోజుల కిందటే మారింది, మెసేజ్ పంపించాం కదండీ" అంది. వచ్చింది ఒకటే నడవ ఉన్న చిన్న విమానం. బిజినెస్ క్లాస్‌లో ఉన్నవే ఎనిమిది సీట్లు, అన్నీ నిండిపోయాయి. పడక లేదు, పక్కపక్క సీట్లూ లేవు. నాన్నకి వచ్చిన మొదటి వరసలో ఎదురుగా గోడ. కాలు సగం చాపితే గోడకి తగులుతుంది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి ముందు వరస మంచిదని చాలామంది చెప్తారు. పడక సీట్లలో అది కొంత నిజమే, పాదాలు పెట్టుకునే గూడు ముందు వరసలో సాధారణంగా వెడల్పుగా ఉంటుంది. వాలే సీట్లలో మాత్రం ముందు గోడ ఎంత దూరంలో ఉందో చూడకుండా తీసుకోకండి. అమ్మ పక్కన కూర్చున్న ఒక కుర్రాడు అడగకుండానే లేచి తన సీటు నాన్నకిచ్చాడట. ఆ బాబు ఎవరో గానీ చల్లగా ఉండాలి.

ఆ మెసేజ్ ఎవరికి వెళ్లిందో విశాఖ వచ్చాక తెలిసింది. బుకింగ్‌లో ఫోన్ నంబరు, మెయిల్ రెండూ ఏజెంటువే. షాపుకెళ్లి అడిగితే ఫోన్ తీసి కిందికి జరుపుతూ పోయాడు. వందల మెసేజ్‌లు, మధ్యలో ఆఫర్లు, ఓటీపీలు. మా పీఎన్ఆర్ నంబరుతో ఉన్నది అయిదారు రోజుల వెనక, తెరవకుండానే పడి ఉంది. "రోజుకి ఎన్ని వస్తాయో చూడండి మేడమ్" అని నాకే చూపించాడు. ఆ మెసేజ్ నా ఫోన్‌కి వచ్చి ఉంటే ఆ నాలుగు రోజుల్లో ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, తేదీ మార్చమనో, డబ్బు వెనక్కి ఇవ్వమనో అడిగేదాన్ని. ఒప్పుకునేవారో లేదో గానీ అడిగే వీలుండేది. కౌంటర్ దగ్గర, వీల్‌చైర్లో నాన్నని పెట్టుకుని, గంటన్నరలో ఎక్కాల్సిన విమానం గురించి ఏం బేరమాడతాం?

కాబట్టి ఏజెంటు దగ్గర కొన్నా, యాప్‌లో కొన్నా, బుకింగ్‌లో మీ ఫోన్ నంబరే పెట్టించండి. కొన్నరోజే ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్లో పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి చూడండి. అక్కడ కనిపించేదే టికెట్టు, ఏజెంటు కాగితం కాదు. విమానం రకం కూడా అక్కడే ఉంటుంది, ఒక్కోసారి అంకెల్లో: 788, 789 అంటే 787 రకాలు, 77డబ్ల్యూ అంటే పెద్ద 777, 359 అంటే ఏ350. 320, 321, 32ఎన్ లాంటివి కనిపిస్తే అది ఒకటే నడవ విమానం. విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్24 లాంటి వెబ్‌సైట్లో ఆ ఫ్లైట్ నంబరు కొడితే గత వారం రోజుల్లో ఏ రోజు ఏ విమానం తిరిగిందో తెలుస్తుంది. నేను ఇప్పుడు చూస్తే మా ఫ్లైటుకి వారంలో మూడు రోజులు చిన్న విమానమే తిరిగింది. కొనేముందు చూసి ఉంటే ఆ 14,000 తేడా కట్టేదాన్నే కాదు.

పెద్ద విమానం వచ్చినా సీటు సంగతి చూసుకోవాలి. అన్నిట్లో ఒకటి-రెండు-ఒకటి అమరిక ఉండదు. కొన్నిట్లో రెండు-రెండు-రెండు. అందులో కిటికీ పక్కవాళ్లు బాత్రూమ్‌కి వెళ్లాలంటే, నడవ పక్కన పడుకున్నవాళ్ల కాళ్లు దాటాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది కుదిరే పని కాదు. అలాంటి విమానంలో మధ్య జంట సీట్లు తీసుకుంటే ఇద్దరికీ చెరోవైపు నడవ ఉంటుంది. ఒకటి-రెండు-ఒకటిలో కూడా మధ్య జంట అన్ని వరసల్లోనూ పక్కపక్కనే ఉండదు. కొన్నిట్లో ఒక వరసలో దగ్గరగా, తర్వాతి వరసలో మధ్యన బల్లలతో దూరంగా పెడతారు.

ఇక భోజనం. ఇది తల్చుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్న శాకాహారే, పైగా పెరుగన్నం లేకపోతే ఆయనకి అది భోజనం కిందే లెక్కలేదు. ఏజెంటుకి "ఇద్దరికీ వెజ్" అని చెప్పాను. కంప్యూటర్లో రకరకాల మీల్ కోడ్‌లు ఉంటాయి. అతను అమ్మకి "హిందూ మీల్", నాన్నకి "వెజ్" అని ఉన్నది నొక్కాడు. రెండూ తప్పే.

హిందూ మీల్, కోడ్‌లో హెచ్ఎన్ఎంఎల్, శాకాహారం కాదు. గొడ్డుమాంసం, పందిమాంసం లేకుండా మాంసాహారం తినే హిందువుల కోసం పెట్టింది. కోడి, మేక, చేప ఏదైనా రావచ్చు. అమ్మ సీటు దగ్గరికి ట్రే వచ్చింది. రేకు మూత మీద సీటు నంబరు, "హిందూ మీల్" అని స్టిక్కరు. దేవుడి పేరు చూసినట్టు నమ్మకంగా మూత తీసింది. అన్నం పక్కన ఎర్రటి గ్రేవీలో చికెన్ ముక్కలు. ఆవిరి మొహానికి కొట్టిందట. మూత మళ్లీ పెట్టేసి, పైన నాప్కిన్ కప్పి, ట్రేని ఒక వేలితో అవతలికి నెట్టింది. మామూలు వెజ్ ఉందా అని నాన్న అడిగితే అయిపోయిందన్నారు. ప్రత్యేక భోజనం అడిగినవాళ్లని మామూలు లెక్కలోంచి తీసేస్తారట, అందుకే మిగల్లేదు. పాపం ఆ ఎయిర్‌హోస్టెస్ చాలాసేపు సారీ చెప్పి, పండ్ల ముక్కలు, రొట్టె తెచ్చి పెట్టింది. అమ్మ ఆ రొట్టె కూడా తినలేదు. "అదే బండి మీద వచ్చింది కదే" అంది నాతో రాత్రి ఫోన్లో.

నాన్నకి "వెజ్" అని నొక్కిన కోడ్ వీజీఎంఎల్. చాలా ఎయిర్‌లైన్లలో దీని అర్థం వీగన్, అంటే పాలు, పెరుగు, నెయ్యి, పనీర్ ఏవీ ఉండవు. మన ఇళ్లల్లో వెజ్ అంటే పెరుగుతో ముగిసే భోజనం. వాళ్ల వెజ్ వేరు. అడగ్గా అడగ్గా ఎక్కడినుంచో ఒక చిన్న కప్పు పెరుగు తెచ్చిచ్చారట. నాన్న దాన్ని అమ్మకిచ్చేశారు.

మనవాళ్లకి కావాల్సింది ఏవీఎంఎల్, "ఏషియన్ వెజిటేరియన్" లేదా "హిందూ వెజిటేరియన్" అని రాసి ఉంటుంది. మన మసాలాలతో, పాలపదార్థాలతో చేస్తారు. శనివారాలు ఉల్లి, వెల్లుల్లి తినని పెద్దవాళ్లుంటే వీజేఎంఎల్, అంటే జైన్ మీల్ పెట్టించండి, అందులో దుంపలు కూడా ఉండవు. షుగరున్నవాళ్లకి డీబీఎంఎల్. సాధారణంగా ఇవి కనీసం 24 గంటల ముందు చెప్పాలి. రెండు ఫ్లైట్లు మారే ప్రయాణమైతే ప్రతి ఫ్లైటుకీ విడిగా నమోదయిందో లేదో చూసుకోండి. విమానం మారితే మీల్ ఉందో పోయిందో మళ్లీ చూడండి. మామూలు వెజ్ తినేవాళ్లయితే అసలు ఏ కోడూ పెట్టకుండా, విమానంలో ముందుగా అడిగించుకోవడమే నయమేమో అనిపిస్తోంది ఇప్పుడు.

డబ్బు సంగతి. బిజినెస్ టికెట్టు కొన్నవాళ్లని ఎకానమీకి దింపేస్తే, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం దేశీయ ప్రయాణంలో పన్నులతో కలిపి టికెట్టు ధరలో 75 శాతం వెనక్కి ఇవ్వాలి. ఇది చదివి నేను గట్టిగా రాశాను. "క్లాస్ మారలేదు, మీరు ప్రయాణించింది బిజినెస్ క్లాస్‌లోనే, విమానం మార్పు నిర్వహణ కారణాల వల్ల" అని జవాబు. మనం కొన్నది "బిజినెస్ క్లాస్" అనే పేరునట, ఆ పడకని కాదట. షరతుల్లో విమానం, సీటు మార్చే హక్కు తమదేనని చిన్న అక్షరాల్లో రాసుకున్నారు. చివరికి మనిషికి 3,000 రూపాయల వోచరు ఇస్తామన్నారు, అదీ ఏడాదిలోపు వాళ్ల దగ్గరే వాడాలి. నేను తీసుకోలేదు.

పన్ను దగ్గర కూడా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిజినెస్ క్లాస్ మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది, ఎకానమీకి 5 శాతమే. ఏజెంటు చెప్పే ధర పన్నుతో కలిపా, విడిగానా అని ముందే తేల్చుకోండి.

నేను ముందు ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టి, తర్వాత విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం కేంద్రం పెట్టిన ఎయిర్‌సేవా పోర్టల్లో ఫిర్యాదు వేశాను. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కూడా చెప్పాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, అంటే ఢిల్లీ తిరగక్కర్లేదు, విశాఖలోనే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. ఎయిర్‌లైన్ మీద కంటే ఏజెంటు మీదే నాకు ఆధారం గట్టిగా ఉంది: ఆ "ఫ్లాట్ బెడ్ కన్‌ఫర్మ్‌డ్" కాగితం. అది జిరాక్స్ తీయించి అసలుది బీరువాలో పెట్టాను. మొన్న ఏజెంటు ఫోన్ చేసి, "ఆ కాగితం ఒకసారి తెచ్చివ్వండి మేడమ్, సరిచేసి ఇస్తాను" అన్నాడు. ఇవ్వలేదు.

అమ్మానాన్నలు వచ్చే గురువారం బెంగళూరు నుంచి వస్తున్నారు. ఎకానమీయే, నాన్నకి నడవ పక్క సీటు, టికెట్టు మీద నా ఫోన్ నంబరు. పులిహోర కట్టిస్తానని తమ్ముడి భార్య చెప్పింది.