పిస్టన్ కరిగిన 5.9 కమిన్స్‌కు ‘హాఫ్ ఇంజన్’ పని: ఏం దక్కుతుంది, ఏం మిగిలిపోతుంది

టాటా లారీల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్‌లో ఒక పిస్టన్ కరిగిందంటే, షెడ్డులో మొదట వినిపించే మాట ‘హాఫ్ ఇంజన్ చేసేద్దాం’ అని. హెడ్డు దించడం, ఆయిల్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) విప్పడం, పిస్టన్లు, రింగులు, బిగ్ ఎండ్ బేరింగులు (రాడ్డు క్రాంకును పట్టుకునే చోటివి) మార్చడం, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ) సరిచేసి మళ్లీ బిగించడం, ఇంతవరకే ఆ పని. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బోరు పని, హెడ్డు పని, పంపు పని, టర్బో పని అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే దొరుకుతాయి. ఇక్కడ చూస్తున్నది ఏ ఒక్క షెడ్డునో కాదు, హాఫ్ ఇంజన్ అనే ఆ పనినే. ఇనుము సరిచేయడంలో దానికి వంక పెట్టలేం. అయితే పిస్టన్ ఎందుకు కరిగిందో కనుక్కోవడం ఆ పనిలో లేదు. దాన్ని విడిగా అడిగి కొటేషన్‌లో రాయించుకోకపోతే కొత్త పిస్టన్‌కూ పాతదానికి పట్టిన గతే పడుతుంది.

హెడ్డు విప్పకముందే చాలా సంగతులు తెలుస్తాయి. ఇంజన్ మిస్ కొడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, బ్రీదర్ గొట్టంలోంచి (ఇంజన్ అడుగు భాగంలోని గాలి బయటకు పోయే దారి) పొగ పొంగుకొస్తుంది, ఆయిల్ మూత తీస్తే గాలి తన్నుతుంది. పాత మెకానికల్ పంపు బండి అయితే ఐడిల్‌లో ఒక్కొక్క నాజిల్‌కు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) వెళ్లే పైపు నట్టు వదులు చేసి చూడాలి. ఏ పైపు నట్టు వదిలినప్పుడు ఇంజన్ శబ్దం మారదో, జబ్బు ఆ సిలిండర్‌లోనే ఉంది. కామన్ రైలు బండిపై (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి భారీ ఒత్తిడితో డీజిల్ అందే ఎలక్ట్రానిక్ రకం) ఈ పద్ధతి ఎన్నడూ వద్దు. ఆ పైపులోని ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అక్కడ స్కానర్‌తోనే ఒక్కో సిలిండర్‌ను ఆపి చూడాలి. అనుమానం ఉన్న సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ చివరకు తెచ్చి, నాజిల్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పెట్టండి. బ్రీదర్ దగ్గర బుస వినిపిస్తే పిస్టన్ గానీ రింగులు గానీ పోయినట్టు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు పోయినట్టు. ఆయిల్ ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పండి. తళతళలాడే పొడి ఉండి, అయస్కాంతానికి అంటకపోతే అది చాలావరకు పిస్టన్ అల్యూమినియమే. ఇంతా చూడటానికి ఒక పూట చాలు. ఈ పూటను వదిలేసి నేరుగా హెడ్డు మీద స్పానర్ వేసే షెడ్డుకు బండి ఇవ్వకండి.

సిలిండర్‌లో మంట వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. సిలికాన్ కలిపిన పిస్టన్ అల్యూమినియం దాదాపు 570 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది, 350 దగ్గరే దాని బలం చాలావరకు పోతుంది. అయినా పిస్టన్ నిలబడుతోందంటే కింద నుంచి ఆయిలు, పక్కల నుంచి రింగులు ఆ వేడిని లాగేస్తున్నాయి కాబట్టి. డీజిల్ గాలిలో కాలకుండా లోహాన్ని తాకి కాలినా, వేడి పోయే దారి మూసుకుపోయినా పిస్టన్ కరుగుతుంది.

అందుకే తీసిన పిస్టన్‌ను తుక్కులో వేయనివ్వకండి, కారణం దాని మీదే కనిపిస్తుంది. పిస్టన్ తలలో ఉండే గిన్నె అంచున ఒకటి రెండు చోట్ల, స్ప్రే తగిలే వరుసలోనే తిన్నట్టుగా ఉంటే తప్పు నాజిల్‌ది. పిస్టన్ తల మధ్యలో బొక్క పడి, అడుగున ఆయిలు మాడి నల్లగా పెచ్చుకట్టి, స్కర్టు (పిస్టన్ కింది గోడ) చుట్టూ గీరుకుపోయి ఉంటే ఆయిల్ జెట్‌ను (కింద నుంచి పిస్టన్ కడుపులోకి ఆయిలు చిమ్మే భాగం) చూడాలి. ఆరు పిస్టన్లూ కొద్దో గొప్పో కాలి ఉంటే ఒక్క నాజిల్‌ను తిట్టి లాభం లేదు. ఇంటర్‌కూలర్ గొట్టం చిరిగిందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, పికప్ కోసం ఎవరైనా పంపులో డీజిల్ పెంచారా, టైమింగ్ ముందుకు జరిగిందా, ఎగ్జాస్ట్ బ్రేక్ ఫలకం సగంలో ఇరుక్కుందా అని చూడాలి.

పని ఎక్కువగా దారి తప్పేది నాజిళ్ల దగ్గరే. కరిగిన సిలిండర్ నాజిల్ ఒక్కటే మార్చి మిగతా అయిదు తుడిచి బిగించడం మామూలైపోయింది. ఆరూ టెస్టు బెంచీ ఎక్కాలి. మెకానికల్ 6బీటీ (ఈ 5.9 ఇంజన్‌లో మెకానికల్ పంపు రకం పేరు) నాజిళ్లు చాలావాటికి తెరుచుకునే ఒత్తిడి 245 బార్ పరిసరాల్లో ఉంటుంది, మీ ఇంజన్‌కు కచ్చితంగా ఎంతో ప్లేటు మీది నంబరుతో సరిచూడాలి. ఆ ఒత్తిడికి కాస్త దిగువన ఆపి ఉంచినప్పుడు మొన దగ్గర చుక్క కారకూడదు. కారేది పనికిరాదు, ఎంత కొత్తదైనా సరే. కిరోసిన్ కలిసిన డీజిల్‌తో తిరిగిన బండ్లలో సూది అరిగి ఇలా కారుతుంది. కామన్ రైలు ఇంజెక్టర్లకైతే రిటర్న్ (చిమ్మకుండా వెనక్కి పోయే డీజిల్) కొలత కాగితం అడిగి తీసుకోండి.

నాజిల్ కింద ఉండే రాగి వాషర్‌ను పట్టించుకునేవాళ్లు తక్కువ. నాజిల్ లాగినప్పుడు పాత వాషర్ తరచుగా హెడ్డు లోపలే అతుక్కుని ఉండిపోతుంది. చూడకుండా కొత్తది వేస్తే రెండు వాషర్లవుతాయి, మొన పైకి జరుగుతుంది, గిన్నెలో పడాల్సిన స్ప్రే అంచుకు తగులుతుంది. అసలు వాషరే లేకపోతే మొన లోతుకు దిగి మాడుతుంది. టార్చి వేసి ఆరు రంధ్రాల్లోకీ చూడటానికి అయిదు నిమిషాలు పట్టదు.

ఇక ఆయిల్ జెట్లు. ఈ ఇంజన్లలో రెండు రకాలున్నాయి. జె ఆకారంలో వంగి ఉండే రకమైతే చాంబర్ విప్పగానే బోరు కింద కనిపిస్తుంది. రాడ్డు దించేటప్పుడో ఎక్కించేటప్పుడో తగిలి కొంచెం వంగినా ధార పిస్టన్ కడుపులోకి పోదు. రెండో రకం మెయిన్ బేరింగు (క్రాంకును బ్లాకులో మోసేది) కూర్చునే చోటులోనే ఉంటుంది. హాఫ్ ఇంజన్ అంటే క్రాంకు దించరు, దించకపోతే ఆ జెట్ కనపడదు. జెట్ మీద అనుమానం ఉన్నప్పుడు హాఫ్ ఇంజన్ తక్కువ ధరకు వస్తోందని ఒప్పుకోవడం మా దృష్టిలో పెద్ద పొరపాటు. క్రాంకు దించాల్సిందే.

బోరు పనికి మాత్రం మనసారా మెచ్చుకోవాలి. ఈ బ్లాకులో విడి లైనర్లు ఉండవు, బ్లాకే బోరు. అందుకే కరిగి గోడకు అతుక్కున్న అల్యూమినియాన్ని చూసి బ్లాకు పోయిందని కంగారు పడతారు. కాస్టిక్ సోడా నీళ్లు పూస్తే అల్యూమినియం కరిగిపోతుంది, ఇనుముకు ఏమీ కాదు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. గాలి ఆడే చోటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, ఎందుకంటే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. శుభ్రమయ్యాక బోరు గేజీ పెట్టించండి. 102.116 మి.మీ. దాటినా, గుండ్రం 0.038 మించి తప్పినా, పైకీ కిందికీ తేడా 0.076 మించినా హోనింగ్‌తో సరిపెట్టకూడదు. 0.5 గానీ 1 మి.మీ. గానీ ఓవర్‌సైజుకు బోరు చేయాలి, లేదా ఆ ఒక్కదానికి స్లీవ్ వేయాలి. మంచి లేత్ మేస్త్రీలు స్లీవ్ వేసి బ్లాకు ముఖంతో సమం చేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. హోనింగ్ అయ్యాక బోరును డీజిల్‌తో కడిగి వదిలేస్తే రాయి పొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగులను తినేస్తుంది. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో కడిగి, తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. వెంటనే ఆయిల్ రాయాలి.

కరిగిన లోహం ఎక్కడికి పోయిందన్నది ఎస్టిమేట్‌లో రాయని మరో ఖర్చు. కొంత ఎగ్జాస్ట్ దారిన టర్బో చక్రాన్ని కొడుతుంది, కొంత ఆయిల్‌లో కలిసి కూలర్‌లోనూ ఆయిల్ దారుల్లోనూ చేరుతుంది. టర్బో విప్పి షాఫ్టు ఆట చూడాలి, ఆయిల్ దారులు కడగాలి. కూలర్‌ను మాత్రం మార్చడమే మేలు, లోపలి ఇరుకు మడతల్లోంచి పొడి మొత్తం బయటకు రాదు. ఒక మెయిన్ క్యాప్ విప్పి చూసినప్పుడు బేరింగులో అల్యూమినియం దిగబడి ఉంటే హాఫ్ ఇంజన్ మాట మరిచిపోయి క్రాంకు కూడా దించి ఫుల్ ఇంజన్ చేయించండి. పిస్టన్ వైపు చివరన ఉండే చిన్న బుష్ దగ్గర నీలిరంగు తిరిగిన రాడ్డును మళ్లీ వాడకూడదు.

కొత్త పిస్టన్ కొనేటప్పుడు వ్యాసం ఒక్కటే సరిపోతే చాలదు. గిన్నె ఆకారం, గజన్ పిన్ (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను) నుంచి తల దాకా ఎత్తు, పార్టు నంబరు పాతదానితో కలవాలి. ఒకటే మారుస్తుంటే బరువు కూడా తూచాలి. పై రింగును బోరులో పెట్టి సందు కొలిస్తే 0.40 నుంచి 0.70 మి.మీ. మధ్య రావాలి. అంతకన్నా తక్కువైతే వేడికి రింగు చివరలు కలిసి పట్టేస్తాయి, బోరు మళ్లీ గీరుకుపోతుంది. పన్నెండు వాల్వుల మెకానికల్ ఇంజన్‌కు రాడ్డు బోల్టులు 35, 70, 100 న్యూటన్ మీటర్ల మెట్లలో బిగించాలి. హెడ్డు బోల్టులు అన్నీ 90 న్యూటన్ మీటర్లకు, పొడవైనవి మళ్లీ 120కి బిగించి, ఆపై అన్నీ 90 డిగ్రీలు తిప్పాలి. వాల్వు సందు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కు 0.25, ఎగ్జాస్ట్‌కు 0.50 మి.మీ. టార్క్ రెంచీ లేని షెడ్డులో ఈ ఇంజన్ పని ఒప్పుకోకండి.

మొదటి స్టార్టుకు ముందు డీజిల్ ఆపి, ఆయిల్ ఒత్తిడి కనపడేదాకా సెల్ఫ్ విడతలు విడతలుగా కొట్టాలి. తర్వాత గంటల కొద్దీ ఐడిల్‌లో ఉంచితే రింగులు కూర్చోవు. ఇంజన్ వేడెక్కగానే ఓ మోస్తరు లోడుతో రోడ్డెక్కించాలి, బ్రీదర్ పొగ రోజురోజుకూ తగ్గుతోందో లేదో చూసుకోవాలి. 1,000 కిలోమీటర్లలోపే ఆయిలు, ఫిల్టర్ మార్చండి. ఆ తీసిన ఫిల్టర్‌నూ కోసి చూడండి.